కన్ను మూసినను మాయని బొమ్మ

మన పల్లెలలో ఛాయాపురుషుని సంగతి విననివారరుదు. ఉదయమున సూర్యునికి వీపు త్రిప్పి నిలిచి, ముందు నేలపై బడిన తన నీడయొక్క కంఠమును ఱెప్ప వాల్పక కొంతసేపు చూచి, పిమ్మట తటాలున నాకాశమువంక చూచినచో, తెల్లని మహాకాయుడొకడు మింట గానవచ్చును. అతనికి శిరస్సు కనబడకున్న, చూచినవారికి కొన్ని మాసములలో మృత్యువని పెద్దలు చెప్పుదురు. ఈ మాటను మనసున బెట్టుకొని రాత్రులు నిదుర లేక, పగలు తిండి సహింపక, చావునకు దినములు లెక్కించుకొనుచు కృశించుటకంటె దుఃఖకరమైన దేమున్నది? ఆ పురుషుడు దేవుడును గాడు, దయ్యమును గాడు. మన కంటిలోని బొమ్మయే యతడు.

ఇది యెట్లు కలుగునో తెలిసికొనుట కష్టము గాదు. కంటి లోపలి పొరకు రెటీనా యని పేరు. దానియందు వెలుతురును గ్రహించు సూక్ష్మకణములు లక్షలకొలది కలవు. ఒకే తావును కదలక చూచునప్పుడు వెలుతురు పడిన కణములు అలయును. నీడ పడినవి విశ్రాంతి నొందును. పిమ్మట నంతటను సమానమైన వెలుతురుగల యాకాశమును జూడగా, అలసిన కణములు మందముగను, విశ్రాంతి గొన్నవి చుఱుకుగను పని చేయును. కావున నీడ యున్నచోట తెలుపు కనబడును. చూపు కంఠముమీద నిలువక యిటునటు కదలెనా, బొమ్మ యంచులు చెదరి తల మాయమగును. తల లేకుండుటకు కారణము చూపు నిలుకడ లేకపోవుటయే కాని యమధర్మరాజు కాడు.

నమ్మకము కుదరని సోదరి యింట కూర్చుండియే పరీక్షింపవచ్చును. తెల్లని కాగితముపై కుంకుమతో రూపాయబిళ్ళయంత బొట్టు పెట్టి, అరనిమిషము దానినే చూచి, సున్నము వేసిన గోడవంక చూడుడు. పచ్చదనము నీలిమ కలసిన చుక్క యొకటి గోడమీద దేలును. చూపెటు త్రిప్పిన నటు తిరుగును. కొన్ని క్షణములలో మాయును. దీనిని అనుబింబమందము. చీకటిలో కొఱవిని గిరగిర ద్రిప్పినప్పుడు కనబడు నిప్పుచక్రము దీనికి దగ్గఱి చుట్టము. గౌడపాదాచార్యులవారు తమ మాండూక్యకారికలలో నాలుగవ ప్రకరణమునకు అలాతశాంతి యని ఆ కొఱవి పేరే పెట్టిరి. ఉన్నది యొకటి, తోచున దొకటి యనుట కింతకంటె మంచి యుదాహరణము వారికిని దొరకలేదు కాబోలు!

క్షణములలో మాయు బొమ్మతో నెవరికిని చిక్కు లేదు. మాయని బొమ్మతోనే చిక్కు. పొయ్యిలోని మంటను జూచి తల త్రిప్పిన, ఆ మంట గోడమీద నిలుచును. బిడ్డ వాకిట పరుగెత్తిపోయిన, వానివెంట వాని నీడలు నాలుగైదు తోకవలె సాగును. కిటికీ ఊచలు అన్నపు పళ్ళెముమీద కనబడును. కన్ను మూసినను బొమ్మ మాయదు. ఇట్లు నెలలు, సంవత్సరములు గడపువారు లోకమున కలరు. వారిలో స్త్రీలును పెక్కుమంది. మన నల్లగొండ, పాలమూరు సీమల యెండ యెట్టిదో వేఱుగ జెప్పనక్కఱలేదు. వేసవి మధ్యాహ్నమున రాతిగుట్టలనుండియు, చవిటినేలలనుండియు వెలుగు కంటిలో సూదులవలె గ్రుచ్చుకొనును. అట్టి వెలుగునుండి చీకటియింటిలోనికి వచ్చిన యెవరికైనను కొంతసేపు చుక్కలు కనబడును. అందుచే ఈ బాధ గలవారు తమ బాధను చెప్పుకొన్నను, “మాకును కనబడును, దానికేమి?” యని యింటివారు త్రోసివేయుదురు. ఇదియే మొదటి కష్టము.

ఈ విషయమున మనకు మార్గదర్శి యగు సాక్షి యొకడున్నాడు. వానిమాట నెవరును వెఱ్ఱిమాట యనజాలరు. అతడు ఐజాక్ న్యూటన్. యౌవనమున నతడు అద్దములో ప్రతిఫలించు సూర్యుని కుడికంటితో జూచి, పిదప చీకటిమూలకు తిరిగి ఆ బొమ్మ మాయు విధమును పరిశీలించెను. ఒకసారి కాదు, ముమ్మారు చేసెను. కొన్ని గంటలలో నతని కన్నులు చెడి, తెల్లని కాగితమును జూచినను, ఏ వెలుగుగల వస్తువును జూచినను, సూర్యుడే యెదుట నిలువజొచ్చెను. ఆశ్చర్యమేమనగా, సూర్యుని జూడని యెడమకంటికిని అదే కనబడెను! భయపడి యతడు మూడు దినములు చీకటిగదిలో తలుపులు బిగించుకొని కూర్చుండెను. మనస్సును సూర్యునినుండి మఱలించుటకు నానాయత్నములు చేసెను. ఏలయన, తలచినంతమాత్రమున చీకటిలోనే సూర్యబింబము ప్రత్యక్షమగుచుండెను. మూడు నాలుగు దినముల తరువాత చూపు కొంత కుదురుపడెను. అయినను కొన్ని నెలలవఱకు, ఆ విషయమును గూర్చి యోచింప మొదలిడినంతనే, నడురేయి తెఱలు దించిన పడకపై బరుండియున్నను, బింబము మఱల వచ్చుచుండెనట. ఈ వృత్తాంతమును న్యూటన్ 1691 జూన్ 30వ తేదీన జాన్ లాక్ అను తత్త్వవేత్తకు తానే వ్రాసెను.

సోదరీమణులారా, ఈ కథలో రెండు వేఱువేఱు సంగతులున్నవి. సూర్యుని జూచుటచే కన్ను అలసిపోవుట యొకటి. చూడని కంటికిని, చీకటిలోను, తలంపుతోడనే బొమ్మ తిరిగివచ్చుట మఱియొకటి. మొదటిది కంటిపని. రెండవది మెదడుపని. భయపడి, కాచుకొని, “వచ్చెనా, ఇంకను ఉన్నదా?” యని వెదకుకొలది రెండవది బలపడును. న్యూటన్‌వంటి బుద్ధిశాలి సైతము దానిని ఆజ్ఞాపించి పంపివేయలేకపోయెను. వేఱుపనులలో మనస్సు నుంచియే తగ్గించుకొనెను. మన యింటిలోని కోడలినో కూతురినో “తలచకుండుము, పోవును” అని గద్దించువారు దీనిని గుర్తుంచుకొనవలెను. తలచకుండుమని చెప్పుటయే తలపించుట గదా!

సూర్యునిమాట వచ్చినది కావున మన సీమకు సంబంధించిన ముచ్చట నొకదానిని చెప్పెదను. 1980 ఫిబ్రవరి 16వ తేదీ శనివారము మధ్యాహ్నము సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. దాని నీడ కర్ణాటకముమీదుగా వచ్చి, రాయచూరు దాటి, మహబూబునగరు, నల్లగొండ, ఖమ్మముల మీదుగా ఒడిశావంకకు సాగెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ నీడదారిలోనే యుండుటచే శాస్త్రజ్ఞులచ్చట జేరి పరిశోధనలు చేసిరి. ఇండ్లలో నాడువాండ్రు, ముఖ్యముగా గర్భిణులు, తలుపులు మూసికొని కూర్చుండిరి. ఈ యాచారమును నేను పూర్తిగా సమర్థింపను; గర్భములోని శిశువునకు గ్రహణమువలన నే హానియు లేదు. అయినను పొరబాటుననో పుణ్యముననో ఆ తలుపులు కొన్ని కన్నులను గాపాడియుండును. సూర్యబింబమును తగిన సాధనము లేక సూటిగా జూచినవారికి రెటీనా నడుమ కాలి, చూపు మధ్యమున మచ్చ యేర్పడును. అది మామూలు అనుబింబము కాదు. అనుబింబము రంగులు మార్చుకొనుచు క్షణములలో పలుచబడును. ఈ మచ్చ మాఱదు. చదువుచున్న యక్షరమే మాయమగును. ఎదుటివారి ముఖమున ముక్కు కనబడదు. కొందఱికి వారములలో, నెలలలో కొంత నయమగును, కొందఱికి నిలిచిపోవును. దీనికి నిశ్చయముగా కుదుర్చు చికిత్స లేదు. నీళ్ళలో గ్రహణమును జూచుట, పొగబట్టిన గాజుముక్కతో, ఎక్స్‌రే ఫిలిముతో జూచుట రక్షణ కాజాలదని బిడ్డలకు చెప్పిపెట్టుడు. సూర్యత్రాటకమను పేర ఉదయ సూర్యునివంక ఱెప్ప వాల్పక చూచు సాధనయు ఇట్టిదే.

ఇక సూర్యుని జూడకయే, కన్ను చెడకయే, బొమ్మలు మాయకుండుటను జూతము. మాక్డొనాల్డ్ క్రిచ్లీ అను ఆంగ్ల వైద్యుడు 1951లో దీనికొక గ్రీకు పేరు పెట్టెను; నేటి వైద్యులు పాలినాప్సియా యందురు. మఱల చూచుట యని దాని యర్థము. ఇందు రెండు తెగలు గలవు. ఒక తెగలో బొమ్మ మసకగా, వెలుతురును బట్టి, కదలికను బట్టి తోచును. తళుకుగల వస్తువును జూచినప్పుడు, చీకటిలో దీపమును జూచినప్పుడు హెచ్చును. రెండవ తెగలో కొంతసేపటి క్రితము చూచిన దృశ్యము, ఒక మనిషి ముఖమో, పండో, రంగు, వివరములతో సహా మఱియొకచోట నిలుచును. ఈ రెండవది మెదడు వెనుకభాగమున గాయముగాని, గడ్డగాని, మూర్ఛరోగముగాని, రక్తప్రసారలోపముగాని యున్నదేమో యని వెంటనే పరీక్షింపవలసిన లక్షణము. మొదటిది సాధారణముగా ప్రాణాంతకము కాదు, అయినను విసిగించును.

మొదటి తెగవారిలో పలువురకు చూపంతటను సన్నని చుక్కలు మిణుకుమిణుకు మనుచు నిరంతరము కదలుచుండును. వర్షపు తుంపరవలెను, టెలివిజనులో చిత్రము రానప్పటి గులకవలెను తోచును. దీనిని విజువల్ స్నో, అనగా చూపులో మంచు, అందురు. మంచెఱుగని పాలమూరివారికి ఈ పేరు వింతగా తోచవచ్చును. పిండిజల్లెడనుండి రాలు పిండి యనిన బోధపడును. ఇది వట్టి భ్రమ కాదనియు, ప్రత్యేకమైన లక్షణసముదాయ మనియు 2014లో వైద్యులు నిర్ణయించి, దానికి గుర్తులను వ్రాసిరి. ఆ గుర్తులలో అనుబింబములు నిలిచియుండుట, వెలుతురు భరింపలేకుండుట, రాత్రిచూపు తగ్గుట ముఖ్యములు. 2020లో ప్రకటింపబడిన బ్రిటనుదేశపు లెక్కలో వేయిమందిని ప్రశ్నింపగా నూటికి సుమారిద్దఱకు ఈ లక్షణసముదాయము గానవచ్చెను.

మనవైపు లెక్క వేఱు. 1996 మొదలు 2000 వఱకు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారు హైదరాబాదుతోబాటు మహబూబునగరు, ఆదిలాబాదు, పశ్చిమగోదావరి జిల్లాలలో 10,293 మంది కన్నులను పరీక్షించి గొప్ప గ్రంథమువంటి లెక్క తీసిరి. శుక్లము, అద్దములు లేని దృష్టిలోపము, ఇవియే అంధత్వమునకు ప్రధానకారణములని తేల్చిరి. ఎంతో మేలైన పని. అయితే అది చూపు తగ్గినవారి లెక్క. ఉన్నదానికంటె నెక్కువ చూచువారు ఆ లెక్కలోనికి రారు. అక్షరముల పలకను వారు కడవఱకు చదువుదురు. “నీ కన్ను బాగున్నదమ్మా” యని వైద్యుడు పంపివేయును. ఇంటికి వచ్చిన తరువాత, “కన్ను బాగున్నచో మఱి యేమైనట్లు?” అను ప్రశ్న మొదలగును.

ఆ ప్రశ్న యెచ్చటికి కొనిపోవునో యూహింపుడు. దేవరకొండ ప్రాంతమందో, అచ్చంపేట ప్రాంతమందో యొక పల్లెలో ముప్పదియేండ్ల యిల్లాలు. కొడుకు పదవతరగతి, పెనిమిటి హైదరాబాదునో బొంబాయినో కూలిపని. రాత్రి సెల్‌ఫోనులో అతనితో మాటలాడి దీపము ఆర్పగా ఆ ఫోను వెలుగు చీకటిలో నిలిచినది. మఱునాడు బావిగట్టున నిలిచినప్పుడు నీటి తళుకు కంటినుండి పోలేదు. అత్తగారితో చెప్పగా “గాలి సోకినది” అనిరి. దిష్టి తీసిరి, తాయెత్తు కట్టిరి. తగ్గలేదు. అంతటితో తనకు పిచ్చి పట్టుచున్నదని ఆమెకు నిశ్చయమైనది. పిచ్చియన్న మాట బయటికి పొక్కిన బిడ్డల పెండ్లిండ్లు నిలిచిపోవునని నోరు మూసికొన్నది. నోరు మూసికొన్నకొలది గుండె దడ, అరచేతుల చెమట, శ్వాస యందనట్లు తోచుట, రాత్రి నిదురలేమి. తాను తానుగానట్లును, లోకము పలుచని తెఱచాటున నున్నట్లును ఒక వింత తోపు. ఉదయము లేచుటతోడనే గోడవంక జూచి, “ఇంకను ఉన్నదా?” యని పరీక్ష. ఉన్నది. ఎవరు పరీక్షించినను కొంత యుండును గదా! ఇట్లు దినమునకు నూఱుసార్లు.

భయము బొమ్మలను పుట్టించెనా, బొమ్మలు భయమును పుట్టించెనా యని యడిగిన, రెండును నిజమే యని చెప్పవలెను. మన కంటిలో బడు ప్రతి చుక్కను, ప్రతి నీడను మెదడు మనకు నివేదింపదు. అవసరము లేనివానిని జల్లించి పాఱవేయును. ముక్కు కొన యెల్లపుడు కంటియెదుటనే యున్నను చూచుచున్నామా? ఈ బాధ గలవారిలో ఆ జల్లెడ కన్నులు పెద్దవై, వడకట్టవలసినది లోనికి వచ్చునని శాస్త్రజ్ఞుల యూహ. భయమేమి చేయుననగా, ఏది అపాయకరమని తోచునో దానిని జల్లింపక ముందుకు త్రోయుమని మెదడునకు ఉత్తరువిచ్చును. ఇంటిలో పాము దూరెనని వినిన రాత్రి ప్రతి త్రాడును పామువలె తోచుట అందఱెఱిగినదే. భయమునందు కంటిపాపయు విచ్చుకొని వెలుతురెక్కువ లోనికి వచ్చును. ఊపిరి తొందరతొందరగా తీయుటచే తల తిరిగి చూపు మసకబారును. నిదురలేమి వీనినన్నింటిని హెచ్చించును. ఇట్లు పామును త్రాడును ఒండొంటిని మ్రింగుచు పెరుగును. చూపులో మంచు గలవారిలో ఆందోళన, విషాదము, తాను తానుగానట్లు తోచుట సామాన్యజనులకంటె చాల హెచ్చుగా నున్నట్లు పరిశోధకులు కనుగొనిరి. అందువలన అది మనోవ్యాధి మాత్రమే యని కొట్టివేయరాదు. మనస్సునకు సంబంధము లేదనియు అనరాదు.

పలువురి విషయమున ఒంటితలనొప్పి, అనగా మైగ్రేను, తోడుండును. చూపులో మంచు గలవారిలో సగముకంటె నెక్కువమందికి ఇది కలదు. మగవారికంటె నాడువారికి మైగ్రేను ఇంచుమించు మూడురెట్లు. చెవిలో నిరంతరము ఈలవేసినట్లు ధ్వని వినబడుటయు తఱచు కలిసియుండును.

కొన్ని మందులును బొమ్మలను నిలుపును. ఇది స్త్రీలు తప్పక తెలిసికొనవలసిన సంగతి. సంతానము కలుగుటకై వైద్యులు సాధారణముగా నిచ్చు క్లోమిఫీన్ అను మాత్రవలన కొందఱకు చూపున మెఱపులు, అనుబింబములు కలుగును. మందు మానిన పిదప సాధారణముగా పోవును. పోక సంవత్సరములు నిలిచిన ముగ్గురు స్త్రీల వృత్తాంతము 1995లో వైద్యపత్రికయందు ప్రకటింపబడినది. మైగ్రేనుకు, మూర్ఛకు ఇచ్చు టోపిరమేటు, విషాదమునకు, నిదురకు ఇచ్చు ట్రాజోడోను సైతము అరుదుగా నట్లే చేయును. కావున వైద్యుని యెదుట కూర్చుండినప్పుడు తాము మ్రింగు ప్రతి మాత్రపేరును చెప్పవలెను. అత్తగారికి తెలియరాదని సంతానపు మందుల సంగతి దాచుకొను యువతులు కలరు. ఆ చీటీని రవికెలో దాచుకొనియైనను వైద్యునికి జూపుడు. చూపు చెడుచున్నదని తోచిన యెడల మందు వ్రాసిన వైద్యునికే మొదట చెప్పవలెను. మూర్ఛమందు మాత్రము తనంతట మానిన ప్రమాదము.

మన సీమకు ప్రత్యేకమైన కారణ మొకటి యున్నది. దానిని వ్రాయుటకు కొందఱు సంకోచింతురు. నాకు సంకోచము లేదు. చెట్టునుండి దింపిన కల్లుమాట నేను చెప్పుట లేదు. చెట్లు చాలక, దుకాణములలో నీటిలో మందులు కలిపి కల్లని యమ్ము పదార్థము సంగతి. క్లోరల్ హైడ్రేటు, డైజీపామ్, ఆల్ప్రాజోలామ్, ఇవి మత్తుమందులు, నిదురమందులు. పాలమూరు మొదలైన జిల్లాలలో పొలముపని ముగించుకొని వచ్చి, ఒడలి నొప్పులు మఱచుటకై దీనిని సేవించు స్త్రీలు తక్కువమంది కారు. వారు తాము మందు తినుచున్నామని యెఱుగరు. కొన్ని సంవత్సరములు సేవించిన శరీరము ఆ మందునకు మరగును. 2015లో ప్రభుత్వము కల్తీకల్లును గట్టిగా నరికట్టగా, మహబూబునగరు, నిజామాబాదు ప్రాంతములలో ననేకులు హఠాత్తుగా కల్లు దొరకక వణకుచు, పొంతనలేని మాటలాడుచు, లేనివానిని చూచుచు, మూర్ఛలు వచ్చి ఆసుపత్రుల పాలైరి. హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యాలయమునకు సయితము కొనిపోబడిరి. ఇట్టి మందులను తటాలున మానినప్పుడు తీవ్రమైన ఆందోళన, నిదురలేమి, వెలుతురు భరింపలేకుండుట, కదలని వస్తువులు కదలినట్లు తోచుట, చూపున వింతలు కలుగుట వైద్యులెఱిగినదే. అది దయ్యము కాదు, పాపఫలమును కాదు. ఇట్టి ఇల్లాలిని గదిలో బంధించుట, వేపమండలతో కొట్టించుట ఘోరము. ఆసుపత్రికి కొనిపోయి, ఇన్నియేండ్లనుండి ఇంత త్రాగుచున్నదని దాపరికము లేక చెప్పిన, వైద్యులు మందును కొంచెముకొంచెముగా తగ్గించుచు మాన్పింపగలరు. ఒక్కదినమున మాన్పించుట ప్రాణాపాయము. ఇంటి మగవారు ఒట్టు పెట్టించి మాన్పింపబూనుట మంచి యుద్దేశమే కాని, ఈ విషయమున మంచి యుద్దేశము చాలదు.

మన చేనేతకు సంబంధించిన చిన్న సంగతి యొకటి. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చీరల యందము లోకమెఱుగును. దగ్గఱదగ్గఱ చాళ్ళు, గళ్ళు, ఎదురురంగుల గీతలు కంటిని మిక్కిలి కదలించునవి. బాధ గలవారికి, మైగ్రేను గలవారికి, ఇట్టివానిని తదేకముగా జూచుటచే తలనొప్పి, గీతలు నాట్యమాడుట, అనుబింబము కలుగుట సహజము. 1965లో సెలెస్ట్ మెక్కల్లో అను అమెరికాదేశపు స్త్రీ యొక విచిత్రము కనుగొనెను. ఒక రంగు నిలువుగీతలను, వేఱొక రంగు అడ్డగీతలను మార్చి మార్చి కొన్ని నిమిషములు చూచినచో, పిదప నలుపుతెలుపు గీతలను జూచినప్పుడెల్ల ఎదురురంగు తోచును. గంటలు, ఒక్కొకప్పుడు దినములు కూడ! ఆరోగ్యవంతుల కన్నులకే ఇట్లగును. కాబట్టి సాయంకాలము మగ్గమునుండి లేచిన తరువాత గోడపై గీతలు కనబడిన నేతపని చేయు సోదరి జడియనక్కఱలేదు. నడుమ నడుమ తల యెత్తి దూరముగా చెట్లవంకకు చూచుట, వెలుతురు ప్రక్కనుండి పడునట్లు కూర్చుండుట మేలు.

ఎప్పుడు జడియవలెనో అదియును చెప్పెదను. ఒక కంటికే హఠాత్తుగా మచ్చగాని, తెఱ దించినట్లుగాని యేర్పడుట, మెఱపులతోబాటు నల్లని చుక్కలు గుంపుగా రాలుట, మాట తడబడుట, మూతి వంకరపోవుట, చేయి కాలు బలము తప్పుట, ఎన్నడు నెఱుగని తీవ్రమైన తలనొప్పి, మూర్ఛ, చక్కెరవ్యాధి యున్నవారికి క్రొత్తగా బొమ్మలు నిలుచుట. వీనిలో నేదున్నను ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. గర్భిణికి అయిదవ నెల దాటిన తరువాత గాని, ప్రసవించిన కొలదిదినములలో గాని, తలనొప్పితో కన్నులముందు మిణుగురులు గానవచ్చి, ముఖము చేతులు వాచిన, అది రక్తపుపోటు హెచ్చిన గుర్తు కావచ్చును. తెల్లవాఱువఱకు సైతము నిలువరాదు. “కడుపుతో నున్నవారికి కండ్లు తిరుగుట మామూలే” అను ముసలమ్మల మాట ఇచ్చట చెల్లదు.

ఇవి యేవియు లేక, నెలలుగా బొమ్మలు మాత్రమే నిలుచుచున్న, తొందర లేదు. కాని ఒకసారి పూర్తిగా పరీక్ష చేయించుకొనవలెను. కంటిపాపను మందుతో విప్పి రెటీనాను జూచు పరీక్ష ముఖ్యము. మహబూబునగరున 2016 నుండియు, నల్లగొండలో 2019 నుండియు ప్రభుత్వ వైద్యకళాశాలలున్నవి. నాగర్‌కర్నూలు ప్రాంతమున తూడుకుర్తిలో ఎల్.వి. ప్రసాద్ సంస్థవారి నేత్రకేంద్రము కలదు. హైదరాబాదున సరోజినీదేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వముది. కన్ను బాగున్నదని తేలిన, నరముల వైద్యుని జూపింపవలెను. మెదడు చిత్రము తీయించుట అవసరమో కాదో వారు నిర్ణయింతురు. అంతటితో, “ఏమియు లేదు” అని కాక, “కన్ను చెడలేదు, మెదడున గడ్డ లేదు, ఇది ఫలానా బాధ” యని పేరుపెట్టి చెప్పు వైద్యుడు దొరికిన సగము భారము దిగును. బాధకు పేరు తెలియుటయే కొందఱకు తొలి నిదుర.

పూర్తిగా కుదుర్చు మందు నేటికిని లేదు. లామోట్రిజిన్ మొదలగునవి కొలదిమందికి కొంచెము పనిచేసినవి, పెక్కుమందికి పనిచేయలేదు. లేతరంగు వేసిన అద్దములు కొందఱకు హాయినిచ్చును. అయితే ఇంటిలోపల సైతము నల్లద్దములు ధరించి కూర్చుండిన, కన్ను చీకటికి మరగి వెలుతురును మఱింత భరింపలేకుండును. ఆందోళనకు మాత్రము చికిత్స యున్నది, అది పనిచేయును. మాటలతో జేయు చికిత్సయందు బొమ్మలను పోగొట్టుటకు ప్రయత్నింపరు. బొమ్మ యున్నను దానిని పరీక్షింపక, దానిపై తీర్పు చెప్పక, చేతిలోని పనికి మఱలుట నభ్యసింపజేయుదురు. బొమ్మ యట్లే యున్నను బాధ తగ్గుట, కొంతకాలమునకు బొమ్మయే గుర్తునకు రాకుండుట కలదు. ఇంటి దగ్గఱలేని వైద్యునికొఱకు వెదకనక్కఱలేకుండ, 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభింపబడిన టెలిమానస్ అను ప్రభుత్వసేవకు 14416 అంకెలను నొక్కి, తెలుగులోనే, పేరు చెప్పకుండ సైతము మాటలాడవచ్చును. పెనిమిటికి తెలియక, ఊరివారికి పొక్కక మాటలాడదలచువారికి ఇది మిక్కిలి యనుకూలము.

ఇక నింటిలో. రాత్రి చీకటిగదిలో ఫోనును జూడకుడు; చూడక తప్పదేని ప్రక్కన చిన్న దీపము వెలుగనిండు. పడకగదిలో దీపము కంటికి నేరుగా తగులకుండ గోడవంకకు త్రిప్పుడు. పొయ్యియెదుట కూర్చుండువారు మంటను గాక గిన్నెను జూచు నలవాటు చేసికొనుడు. ఎండలోనికి పోవునప్పుడు కొంగు ముందునకు లాగుకొనుట మన పెద్దల పద్ధతి. తెల్లకొంగుకంటె ముదురురంగు కొంగు మేలు. తెల్లవాఱగనే గోడను జూచి పరీక్షించు నలవాటున్న, ఆ సమయమున ముగ్గు వేయుటకో, పాలు పిదుకుటకో వాకిటికి పొండు. టీ, కాఫీలు సాయంకాలము మానుడు. భయము క్రమ్మినప్పుడు నాలుగు లెక్కించువఱకు ఊపిరి పీల్చి, ఆఱు లెక్కించువఱకు విడుచుచు, అయిదు నిమిషములు కూర్చుండుడు. ఇంటివారు దినదినము “తగ్గినదా?” యని యడుగకుండుట గొప్ప సహాయము, వారమున కొకమా రడిగిన చాలును.

చదువుకొను బాలికలు నల్లబల్లమీది తెల్లయక్షరములు పుస్తకముమీదికి వచ్చుచున్నవని తల్లితో చెప్పిన, చదువు తప్పించుకొనుట కాడుచున్నదని కొట్టకుడు. చిన్ననాటినుండి ఇట్టి చూపుగలవారు కొందఱుందురు. లోకమంతయు నిట్లే చూచునని వారనుకొందురు. ఉపాధ్యాయినితో మాటలాడి ముందువరుసలో, కిటికీకి ఎదురుగా గాక ప్రక్కగా కూర్చుండబెట్టించి, వేసవి సెలవులలో కంటివైద్యునికి జూపింపుడు.